రేడియేటర్లో నూనె తేలితే హెడ్డు దించాల్సిందేనా?

ప్రశ్న: బాబాయ్ గారూ, మాది పిడుగురాళ్ళ. నాకున్నది ఒకటే లారీ. 2009 మోడల్ టాటా 2515, కమ్మిన్స్ ఇంజను. నేనే నడుపుతాను. గుంటూరు యార్డు నుంచి మిర్చి లోడు ఎత్తి నాగపూర్ వెళ్ళొస్తుంటాను. నెల రోజుల నుంచి రేడియేటర్ మూత తీస్తే నీళ్ళ మీద నల్లగా నూనె తెట్టు కడుతోంది. ట్రిప్పుకు మూడు లీటర్లకు పైగా ఇంజన్ ఆయిలు తగ్గుతోంది. ఆయిల్ మట్టం చూసే కర్ర మీద మాత్రం నీళ్ళ జాడ లేదు. తెల్ల పొగ లేదు, హీటు ముల్లు కూడా మామూలుగానే ఉంటోంది. మా మెకానిక్ హెడ్ ప్యాకింగ్ (ఇంజన్ బ్లాకుకీ, దాని మీద మూతలా కూర్చునే హెడ్డుకీ మధ్య పొర) పోయిందనీ, హెడ్డు దించి ఫేసింగ్ (ముఖం చదునుగా చెక్కడం) చేయించాలనీ, మొత్తం 60 వేలు అవుతుందనీ అంటున్నాడు. ఇంకొకాయన రేడియేటర్లో లీకు మందు పోస్తే సరిపోతుందన్నాడు. ఎవరి మాట వినమంటారు? ప్యాకింగ్ నేనే మార్చుకోవచ్చా?
– ఒక లారీ డ్రైవరు, పిడుగురాళ్ళ

జవాబు: అబ్బాయ్, ప్రస్తుతానికి ఇద్దరి మాటా పక్కన పెట్టు. నీ ఉత్తరంలోనే ముప్పాతిక జవాబు ఉంది. నూనె నీళ్ళలోకి వస్తోంది. ఇంజను హీటెక్కడం లేదు. తెల్ల పొగ లేదు. కర్ర మీద నీళ్ళు లేవు. ఈ నాలుగూ కలిపి చూస్తే నా వేలు హెడ్డు వైపు పోదు, ఆయిల్ ఫిల్టర్ వెనకాల ఉన్న ఆయిల్ కూలర్ వైపు పోతుంది.

ఎందుకో చెబుతాను. నీ బండిలో ఉన్నది కమ్మిన్స్ బి సిరీస్, 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను. టాటా వాళ్ళూ కమ్మిన్స్ వాళ్ళూ కలిసి జంషెడ్‌పూర్‌లో పెట్టిన ఫ్యాక్టరీలో తయారైనదే. దాంట్లో ఆయిలు చల్లబడటానికి విడిగా రేడియేటర్ ఉండదు. పలకలు పలకలుగా ఉన్న చిన్న కూలర్‌ని బ్లాకు పక్కన ఒక గదిలాంటి గుంటలో కూర్చోబెట్టి, పైన మూత బిగించి, ఆ మూతకే ఫిల్టర్ తగిలించారు. పలకల లోపల ఆయిలు, బయట నీళ్ళు. వాటర్ పంపు తోసే నీళ్ళు మొట్టమొదట వచ్చి పడేది ఆ గదిలోనే. అక్కడి నుంచే సిలిండర్ల చుట్టూ తిరిగి, హెడ్డులోకి ఎక్కి, థర్మోస్టాట్ (వేడికి తెరుచుకునే వాల్వు) దాటి రేడియేటర్‌కి పోతాయి. అంటే నూనెనీ నీళ్ళనీ విడదీసేది ఒక పల్చటి లోహపు రేకూ, దాని వెనక ఒక ప్యాకింగూ, అంతే.

ఇప్పుడు ప్రెషర్ల లెక్క చూడు. బండి రోడ్డు మీద స్పీడులో ఉన్నప్పుడు ఈ ఇంజన్లో ఆయిల్ ప్రెషర్ 30 పీఎస్‌ఐకి తగ్గకూడదు, మామూలుగా అంతకంటే ఎక్కువే ఉంటుంది. నీళ్ళ వైపు ప్రెషర్ మామూలుగా దానికంటే తక్కువే ఉంటుంది. బలవంతుడు బలహీనుడి ఇంట్లోకి చొరబడతాడు కదా, అలాగే నూనె నీళ్ళలోకి దూరుతుంది. అందుకే ముందు కనపడేది రేడియేటర్లో తెట్టు.

కానీ ఇంజను ఆపేశాక కథ తిరగబడుతుంది. ఆయిల్ ప్రెషర్ క్షణంలో సున్నా. నీళ్ళు మాత్రం వేడి మీదున్నంతసేపూ ప్రెషర్ పట్టుకునే ఉంటాయి. అప్పుడు అదే పగులు లోంచి నీళ్ళు నూనెలోకి దిగుతాయి. అందుకని 'కర్ర మీద నీళ్ళ జాడ లేదు' అన్న నీ మాట నేను పూర్తిగా నమ్మను. నీళ్ళు నూనె కంటే బరువు, ఛాంబర్ (ఇంజన్ కింద ఆయిలు నిలిచే తొట్టి) అడుక్కి పోయి కూర్చుంటాయి. కర్ర అంత లోతుకి అందదు. లారీ రాత్రంతా కదలకుండా ఉండాలి. తెల్లారి స్టార్ట్ చేయకముందే ఛాంబర్ డ్రెయిన్ బోల్టు కింద గాజు సీసా పట్టి, బోల్టు కొంచెమే వదులు చెయ్. మొదటి గుక్కెడు ఏం వస్తుందో చూడు. నీళ్ళొస్తే ఆ క్షణం నుంచి ఇంజను తిప్పొద్దు. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ నూనెలో కలిస్తే బేరింగులు బతకవు. నల్ల నూనె మాత్రమే వస్తే కాస్త ఊపిరి పీల్చుకుని మిగతా పరీక్షలకు పో.

మీ మెకానిక్‌ని నేను తప్పుపట్టడం లేదు. రేడియేటర్లో నూనె అనగానే హెడ్ ప్యాకింగ్ అనడం మా వృత్తిలో పాత అలవాటు. నేనూ చేశాను. పాతికేళ్ళ కిందట విజయవాడ ఆటోనగర్లో ఒక షెడ్డులో పనిచేసేటప్పుడు, ఇదే ఇంజను, ఇదే రోగం. హెడ్డు దించి, ఫేసింగ్ చేయించి, కొత్త ప్యాకింగ్ వేసి పంపాను. వారం తిరక్కుండా బండి మళ్ళీ గుమ్మం ముందుంది, రేడియేటర్లో అదే తెట్టు. నా బిగింపులో లోపమేమోనని మళ్ళీ దించబోతుంటే మా పెద్ద మేస్త్రి వచ్చాడు. బీడీ పక్కన పడేసి, కూలర్ మూత మీద అరచేత్తో తట్టి, 'ఒరేయ్, జ్వరం ఇక్కడుంటే తలకు మందు రాస్తావేంట్రా' అన్నాడు. ఆ ఓనరు రెండోసారి మజూరీ ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

అయితే నా అనుభవం చెప్పింది కదా అని నువ్వు గుడ్డిగా కూలర్ ఊడదీయొద్దు. హెడ్ ప్యాకింగ్ నిర్దోషి అని తేల్చుకోవడానికి డబ్బు ఖర్చు లేని పరీక్షలున్నాయి. పొద్దున్నే, చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీసి, నీళ్ళు అంచుదాకా నింపి, స్టార్ట్ చేయించి మెడలోకి చూడు. హెడ్ ప్యాకింగ్ పోయి సిలిండర్ గ్యాస్ నీళ్ళలోకి వస్తుంటే, నీళ్ళు వేడెక్కకముందే బుడగలు ఆగకుండా లేస్తాయి, రేజ్ చేస్తే ఎగదన్నుతాయి. రెండో గుర్తు పై హోస్ పైపు. మూత పెట్టి స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాలకే, ఇంకా చల్లగా ఉండగానే అది రాయిలా గట్టిపడితే లోపల గ్యాస్ నిండుతోందని అర్థం. వేడి మీద మాత్రం మూత జోలికి పోకు. ఆ ఆవిరికి ముఖాలు కాల్చుకున్నవాళ్ళను చూశాను.

ఇక్కడొక చిక్కుంది, చాలామంది దీని దగ్గరే పప్పులో కాలేస్తారు. బుడగలు కనపడ్డాయని వెంటనే హెడ్డుకి ఉరిశిక్ష వేయొద్దు. నీది హవా బ్రేకుల బండి. ఆ హవా పుట్టించే ఎయిర్ కంప్రెసర్ కూడా ఇంజన్ నీళ్ళతోనే చల్లబడుతుంది, దానికీ ఒక చిన్న హెడ్డు, ఒక చిన్న ప్యాకింగ్ ఉంటాయి. ఆ చిన్న ప్యాకింగ్ పోయినా గాలి నీళ్ళలోకి ఎక్కి అచ్చం అలాగే బుడగలొస్తాయి. తేడా పట్టడం తేలిక. ట్యాంకులు నిండి హవా కట్ అయ్యేదాకా, అంటే కంప్రెసర్ గాలి ఎక్కించడం మానేదాకా ఆగు. కట్ అవగానే బుడగలు తగ్గిపోతే దొంగ కంప్రెసర్. అప్పటికీ అనుమానం తీరకపోతే కంప్రెసర్‌కి పోయే రెండు నీళ్ళ పైపులూ ఊడదీసి, ఒకే ముక్క హోస్‌తో రెండు కొనలూ కలిపేసి, కాసేపు ఇంజను ఆడించి చూడు. కంప్రెసర్ నీళ్ళు లేకుండా ఎక్కువసేపు ఆడకూడదు, చూసిన వెంటనే ఆపెయ్యి.

నీ కేసులో బుడగలు రావనే నా అంచనా. రాకపోతే ఇక కూలర్ పని చూద్దాం.

ఇది నువ్వు చేసుకోగలవా అని అడిగావు. కూలర్ ప్యాకింగ్ అయితే, చేతికి పానాలు అలవాటున్న డ్రైవరు, ఒక క్లీనరు సాయంతో ఒక్క రోజులో చేసుకోవచ్చు. టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) మాత్రం తెచ్చుకోవాలి. హెడ్డు సంగతి వేరే, దానికి చివర్లో వస్తాను.

బండి సమంగా ఉన్నచోట ఆపి, టైర్లకు అడ్డు పెట్టి, ఇంజను పూర్తిగా చల్లారాక నీళ్ళు దించు. తొట్టిలోకే పట్టు, నేల మీద వదలకు. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ గేదెలూ నాకుతాయి, నాకితే చస్తాయి. తర్వాత ఆయిల్ ఫిల్టర్ తీసెయ్. అది ఎగ్జాస్ట్, టర్బో ఉన్న వైపే, చెయ్యి పట్టేంత చోటుంటుంది. కూలర్ మూత బోల్టులన్నీ ఒకే పొడుగు ఉంటాయని అనుకోకు. ఒక అట్టముక్క మీద మూత ఆకారం గీసి, ఏ బోల్టు ఏ చిల్లులోంచి వచ్చిందో ఆ చోటే గుచ్చి పెట్టు. పొడుగు బోల్టు పొట్టి చిల్లులో పడితే అడుక్కి తగిలి బిగుసుకున్నట్టే ఉంటుంది, మూత మాత్రం వదులుగా ఉండిపోతుంది.

మూత వస్తుంది, దాని వెనకే కూలర్ వస్తుంది. రెండు ప్యాకింగులుంటాయి. ఒకటి మూతకీ కూలర్‌కీ మధ్య, రెండోది కూలర్‌కీ బ్లాకుకీ మధ్య. పీకి పారేయకముందే రెండింటినీ వెలుగులో పట్టుకుని చూడు. నూనె దారికీ నీళ్ళ గదికీ మధ్యనున్న సన్నటి పట్టీలో ఎక్కడైనా నల్లగా కాలువలా చారిక కనపడితే దొంగ దొరికినట్టే. ఏ చారికా లేకపోతే తప్పు ప్యాకింగ్‌ది కాదు, కూలర్ రేకుది.

కూలర్‌ని కంటితో చూసి బాగుందనుకోవద్దు. ఏదైనా రేడియేటర్ షాపుకి తీసుకుపో. ఒక చిల్లు మూసి, రెండో చిల్లులోంచి కంప్రెసర్ గాలి 70 పీఎస్‌ఐ దాకా ఎక్కించి, గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో ముంచమను. ఒక్క బుడగ లేచినా అది పనికిరాదు. దాన్ని లప్పం పెట్టో, టంకం పెట్టో అతికిస్తామనే వాళ్ళుంటారు. వద్దు. కొత్తది కొను. కొత్తది కొంటే ఒకటి మర్చిపోకు: దుమ్ము పోకుండా దాని చిల్లులకు ప్లాస్టిక్ బిరడాలు పెట్టి పంపుతారు. అవి తీయకుండా బిగించేసి, ఆయిల్ ప్రెషర్ ఎందుకు రావడం లేదా అని తల పట్టుకున్నవాళ్ళున్నారు.

అసలు పని ప్యాకింగ్ మార్చడంలో లేదబ్బాయ్, ప్యాకింగ్ కూర్చునే చోటు శుభ్రం చేయడంలో ఉంది. కొత్త ప్యాకింగ్ అంటే ఏదో మహిమ గలదనుకుంటారు. అది ఒక పల్చటి దిండు మాత్రమే, కింద పరుపు ఎగుడుదిగుడుగా ఉంటే దిండు ఏం చేస్తుంది? పాత ప్యాకింగ్ ముక్కలు అంటుకుపోయి ఉంటాయి. వాటిని ప్లాస్టిక్ స్క్రేపర్‌తోనో, పదును లేని బ్లేడుతోనో ఓపిగ్గా గీకు. గ్రైండర్‌కి ఎమిరీ డిస్కు తగిలించి ఐదు నిమిషాల్లో మెరిపిస్తానంటాడు కుర్రాడు. చెయ్యనివ్వకు. ఆ డిస్కు నుంచి రాలే పొడి ఆయిల్ దారుల్లో పడిందంటే తిన్నగా బేరింగుల్లోకి పోతుంది, పైగా డిస్కు ఆగినచోట లోహంలో చిన్న గుంట పడుతుంది. గీకేటప్పుడు ఆయిల్ చిల్లుల్లో శుభ్రమైన గుడ్డ కుక్కు, ఎన్ని గుడ్డలు కుక్కావో లెక్కపెట్టుకుని అన్నీ తియ్యి. కూలర్ గది అడుగున తుప్పు బురద పేరుకుని ఉంటుంది. పంపు నీళ్ళు ముందు ఇక్కడే పడతాయన్నాను కదా, చెత్తంతా ఇక్కడే దిగుతుంది. గరిటెతో తోడినట్టు తోడి కడుగు.

సిలికాన్ పేస్టు గురించి ఒక మాట. మన షెడ్లలో ట్యూబు చేతిలో లేకపోతే మేస్త్రికి చెయ్యి ఆడదు. ఈ ప్యాకింగ్‌కి పేస్టు అక్కర్లేదు, పొడిగా వెయ్యాలి. పేస్టు పూసి బిగిస్తే మిగిలింది పక్కలకు పొంగుతుంది. బయటికి పొంగింది మనకు కనపడుతుంది, తుడుస్తాం. లోపలికి పొంగింది పురుగులా గట్టిపడి, ఊడి, నూనెలోనో నీళ్ళలోనో కొట్టుకుపోయి ఏదో సన్నటి దారికి అడ్డం పడుతుంది. ఏళ్ళ తర్వాత ఎవరో ఇంజను విప్పితే గానీ ఆ పాపం బయటపడదు.

బోల్టులన్నీ ముందు వేళ్ళతో ఎక్కించు. తర్వాత మధ్య నుంచి అంచులకు, ఒకటి ఇటు ఒకటి అటు, రెండు విడతలుగా బిగించు. చివరి టార్క్ 24 న్యూటన్ మీటర్లు. అదెంతో ఊహించుకోవాలంటే, మీటరు పొడుగు కడ్డీ చివర రెండున్నర కిలోల బరువు వేలాడదీసినంత. చాలా తక్కువ కదా? మనవాళ్ళు పానాకి పైపు తొడిగి బిగించే అలవాటుతో ఇక్కడే మూత వంచేస్తారు. వంగిన మూత కింద ఎన్ని ప్యాకింగులు మార్చినా కారుతూనే ఉంటుంది. ఈ ఇంజను మీద వాటర్ పంపుకీ, థర్మోస్టాట్ మూతకీ కూడా ఇదే 24. వాటర్ పంపుకి కాగితం ప్యాకింగ్ ఉండదు, రబ్బరు రింగు ఉంటుంది. షాపువాడు ఏదో కాగితం కత్తిరించి ఇస్తే తీసుకోకు.

ఫిల్టర్ కొత్తది వేసి, దాన్ని శుభ్రమైన ఆయిల్‌తో నింపి బిగించు. ఇంజన్ ఆయిలు మొత్తం మార్చాల్సిందే, ఉన్నది ఈమధ్యే పోసినదైనా సరే. తీసిన పాత ఫిల్టర్‌ని కోసి మడతలు విప్పి చూడు. పాల టీ మీద మీగడలాంటిది ఉంటే నీళ్ళు నూనెలోకి పోయాయని సాక్ష్యం. ఇత్తడి రంగు తళుకులు ఉంటే బేరింగులు అరిగాయి, అప్పుడు మళ్ళీ నాకు రాయి, ఆ కథ వేరు.

ఇప్పటికి సగం పనే అయింది. నీళ్ళ దారంతా నూనె జిడ్డు పట్టి ఉంటుంది. దాన్ని కడక్కపోతే రెండు నష్టాలు. నూనె పొర వేడిని లోహం నుంచి నీళ్ళకు పోనివ్వదు. రెండోది, రేడియేటర్ హోసుల రబ్బరు నీళ్ళను తట్టుకుంటుంది గానీ నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. ప్రతి హోస్‌నీ వేళ్ళతో నొక్కి చూడు. కుళ్ళిన వంకాయలా మెత్తగా తగిలిందంటే మార్చెయ్. నాగపూర్ దారిలో అర్ధరాత్రి పగిలిందంటే లోడు మీద నువ్వే కూర్చోవాలి.

కడగడానికి కిరసనాయిలు, డీజిలు పోసేవాళ్ళున్నారు. అవీ నూనెలే కదా, రబ్బరుని అవీ తింటాయి. నురగ తక్కువొచ్చే బట్టల పౌడరు, అంటే ముందు తలుపున్న వాషింగ్ మెషిన్లకు అమ్మేది, రెండు గుప్పిళ్ళు వేడినీళ్ళలో కలిపి పోయి. మామూలు పౌడరు పోస్తే రేడియేటర్ మెడలోంచి నురగ పొంగి పండగైపోతుంది. కడిగేంతవరకూ థర్మోస్టాట్ వాల్వు తీసి పక్కన పెట్టు, నీళ్ళు మొదటి నుంచే చుట్టూ తిరుగుతాయి. ఇంజను బాగా వేడెక్కేదాకా ఆడించి, చల్లారనిచ్చి, దించు. రెండోసారి మళ్ళీ పౌడరు. ఆ తర్వాత ఉత్త నీళ్ళు, మీద జిడ్డు రంగులు కనపడనంత వరకూ, నాలుగైనా ఐదైనా సార్లు. విసుగొచ్చి మూడోసారికే ఆపేస్తారు అందరూ.

థర్మోస్టాట్‌ని తిరిగి పెట్టడం మర్చిపోకు. 'ఆ వాల్వు పీకేస్తే బండి హీటెక్కదు' అని ప్రతి ఢాబా దగ్గరా ఒక సలహాదారుడు దొరుకుతాడు. ఈ ఇంజన్లో అది పూర్తిగా తిరకాసు మాట. వాల్వు 83 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెడుతుంది. తెరుచుకుంటూనే పక్కనున్న బైపాస్ దారిని మూస్తుంది. వాల్వే లేకపోతే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడినీళ్ళలో కొంత భాగం రేడియేటర్‌కి పోకుండా దగ్గరి దారిన మళ్ళీ పంపులోకే వచ్చేస్తుంది. ఎండాకాలం ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు అదే బండిని ఉడికిస్తుంది. వాల్వు పెట్టేటప్పుడు దానికున్న చిన్న ఊగే పిన్ను పైకి ఉండేట్టు పెట్టు, గాలి పోవడానికి అదే కిటికీ.

చివరగా నింపేది బోరు నీళ్ళు కాదు. పల్నాడు బోరు నీళ్ళ సంగతి నీకు నేను చెప్పాలా, ఇంట్లో బిందె అడుగున తెల్లగా కట్టే పెచ్చు చూడు, అదే నీ కూలర్ పలకల మధ్యా కడుతుంది. బ్యాటరీ నీళ్ళలాంటి డిస్టిల్డ్ నీళ్ళు సగం, కూలెంట్ సగం. మనకి మంచు పడదు కదా కూలెంట్ ఎందుకని అడుగుతారు. గడ్డకట్టకుండా ఉండటానికి కాదు, తుప్పు పట్టకుండా, ఉడుకు తొందరగా రాకుండా. నిదానంగా పోసి, మూత తెరిచి కాసేపు ఆడించి, గాలి పోయి మట్టం దిగాక మళ్ళీ నింపు.

ఇక ఆ రెండో ఆయన చెప్పిన లీకు మందు. మన పాతవాళ్ళు రేడియేటర్లో పసుపు వేసేవాళ్ళు, నేనూ వేశాను. అడవిలో, ఆ రాత్రికి బయటపడటానికి, రేడియేటర్‌లో సూదిమొన చిల్లుకి అది పనికొస్తుంది, కాదనను. నీ లీకు అలాంటిది కాదు. 30 పీఎస్‌ఐ మీద నూనె తోసుకొస్తుంటే ఏ పొడీ అక్కడ నిలవదు. నిలవని పొడి ఊరుకోదు, రేడియేటర్ సన్నటి గొట్టాల్లో, హీటర్‌లో పేరుకుంటుంది. తుంటి మీద కొడితే పళ్ళు రాలినట్టు, లేని హీటు రోగం వచ్చి పడుతుంది. ఇప్పటికే పోసి ఉంటే సిగ్గుపడకుండా కడిగేటప్పుడు రేడియేటర్‌ని దించి విడిగా కడిగించు.

పరీక్షల్లో హెడ్డే దోషి అని తేలిందనుకో. అప్పుడు నువ్వు సొంతంగా చేయొద్దు, అయితే పక్కన నిలబడి చూడు. ఆ హెడ్డు ఒక్కటే 50 కిలోల పైన ఉంటుంది, ఒక్క మనిషి వంగి లేపితే నడుం పోతుంది, లేదా కొత్త ప్యాకింగ్ మీద జారి అంచు నలుగుతుంది. ఆరు సిలిండర్లకూ కలిపి ఒకటే ప్యాకింగ్. బోల్టులు 26. హెడ్డు దించాక స్టీలు స్కేలు ఆనించి, దాని కింద ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చటి బ్లేడ్లు) పెట్టి అడ్డంగా, పొడుగునా, ఐమూలగా చూడమను. అడ్డంగా 0.08 మి.మీ. బ్లేడు దూరిందంటే ఫేసింగ్ కావాలి. దూరకపోతే అక్కర్లేదు. 'ఎలాగూ దించాం కదా, ఓసారి కొట్టించేద్దాం' అనే మాట వినకు. ఎంత లోహం తీస్తే వాల్వులు పిస్టన్‌కి అంత దగ్గరవుతాయి. ఫేసింగ్ కంటే ముందు, పగుళ్ళు లేవని ప్రెషర్ పరీక్ష చేయించడం ముఖ్యం.

బిగించేటప్పుడు బోల్టు చిల్లుల్లో నూనె, నీళ్ళు మిగలకుండా గాలి కొట్టాలి. లేకపోతే బోల్టు దిగేటప్పుడు ఆ ద్రవం నలిగి బ్లాకుని పగలగొట్టగలదు. టార్క్ మూడు విడతలు. మధ్య నుంచి మొదలుపెట్టి చుట్టలా బయటికి వస్తూ అన్నిటికీ 90 న్యూటన్ మీటర్లు. తర్వాత రాకర్ స్టాండ్ల (వాల్వులను నొక్కే రాకర్లను మోసే దిమ్మల) గుండా దిగే పొడుగు బోల్టులకు మాత్రం 120. ఆఖరున అన్నిటినీ ఇంకో 90 డిగ్రీలు, అంటే పావు చుట్టు. మీ మెకానిక్‌ని ముందే అడుగు, ఈ లెక్క చెప్పగలడా అని. 'చేతి అంచనా ఉందిలే' అన్నాడంటే దండం పెట్టి వచ్చెయ్. పాత బోల్టులు సాగి ఉంటాయి, కొత్త దానితో పక్కపక్కన పెట్టి పొడుగు పోల్చి, సాగినవి మార్చాలి. చివర్లో చల్లటి ఇంజన్ మీద ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గర వదలాల్సిన సందు, ఇన్లెట్ 0.25, ఎగ్జాస్ట్ 0.50 మి.మీ.

నీ ఇంజన్‌కి విడి లైనర్లు (సిలిండర్లలో విడిగా దించే గొట్టాలు) లేవు, సిలిండర్లు బ్లాకులోనే తొలిచారు. కాబట్టి ఎవరైనా 'లైనర్ సీలు పోయి ఉండొచ్చు, అవి కూడా మారుద్దాం' అంటే, ఆయనకి ఈ ఇంజను తెలియదన్నమాట. ఇది బేరంలో పనికొచ్చే ముక్క, దాచుకో.

డబ్బు సంగతి. కూలర్ ప్యాకింగ్ సెట్టు, ఆయిలు, ఫిల్టరు, కూలెంట్, అవసరమైతే కొత్త కూలర్, హోసులు అన్నీ కలుపుకున్నా మీ మెకానిక్ చెప్పిన 60 వేలకు చాలా కిందనే తేలుతుంది. ప్యాకింగ్ కొనేటప్పుడు పాతదాన్ని పట్టుకెళ్ళి, కొత్తదాని మీద పెట్టి, ప్రతి చిల్లూ కలుస్తోందో లేదో చూసుకుని డబ్బులివ్వు. కూలర్ పలకల సంఖ్య ఇంజన్ మోడల్ని బట్టి మారుతుంది, ఇంజన్ నంబరు ప్లేటు ఫోటో తీసుకుని వెళ్ళు.

పని అయ్యాక వెంటనే నాగపూర్ లోడు ఒప్పుకోకు. రెండు మూడు రోజులు గుంటూరు, మాచర్ల దాకా దగ్గరి ట్రిప్పులు వేసి, ప్రతి తెల్లవారీ చల్లటి ఇంజన్ మీద మూత తీసి ఒక తెల్లటి కాగితపు ముక్క నీళ్ళ మీద ఆనించి తియ్యి. మొదటి రోజు కాస్త జిడ్డు అంటుతుంది, అది కడుగులో మిగిలింది. రెండో రోజుకి తగ్గాలి, మూడో రోజుకి కాగితం తడి తప్ప మరేం ఉండకూడదు. మూడో రోజు కూడా నల్ల వలయం పడితే బండి పక్కన పెట్టి, ఛాంబర్ కింద సీసాలో ఏం వచ్చిందో, బుడగల పరీక్షలో ఏం కనపడిందో రెండూ రాసి పంపు.